మూడు మాత్రలు, ఒక భీమవరం అబ్బాయి

పదో తరగతిలో ఉండగా ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా క్లాసుకి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం వచ్చారు. బోదకాలు మాత్రలు పంచే రోజు అది. ఒక్కొక్కరికీ మూడు చిన్న తెల్ల మాత్రలు, ఒక నమిలే మాత్ర ఇచ్చారు. నమిలేది తియ్యగా ఉంటుందని అది తినేశాను. మిగతా మూడూ బుగ్గన పెట్టుకుని, నీళ్ళు తాగినట్టు నటించి, వాళ్ళు పక్క క్లాసుకి వెళ్ళగానే కిటికీలోంచి ఉమ్మేశాను. నాకు జబ్బు లేదు కదా, నేనెందుకు మింగాలి అన్నది నా లాజిక్. క్లాసులో సగం మందిదీ అదే లాజిక్.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని రోజూలాగే ఎడమ కాలు కడుక్కుంటోంది. మోకాలి కింద నుంచి పాదం దాకా వాచిపోయి, చర్మం మందంగా గరుకుగా మారి, చీలమండ దగ్గర మడతలు పడిన కాలు అది. పెళ్ళైన కొత్తల్లో ఉండుండి చలిజ్వరం వచ్చేదట, గజ్జల్లో బిళ్ళ కట్టేదట, నాలుగు రోజులకి అదే తగ్గిపోయేదట. అలా కొన్నేళ్ళు గడిచాక కాలు వాచి మరి తీయలేదు. ఆవిడకి చెప్పుల కొట్లో సరిపోయే చెప్పు ఎప్పుడూ దొరకలేదు. ఫోటోల్లో ఎప్పుడు చూసినా ఆ కాలు చీర కుచ్చిళ్ళ వెనకే ఉంటుంది.

నేను కిటికీలోంచి ఉమ్మేసిన మందు తయారైన పరిశోధనశాలని నడిపింది మన పక్క డెల్టాలో పుట్టినాయన అని నాకు బీటెక్‌కి వచ్చాక గానీ తెలియలేదు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. క్విజ్‌లలో ఈ పేరు విననివాళ్ళు మనలో తక్కువే. ఏటీపీ, ఫోలిక్ యాసిడ్ అని టకటకా చెప్పేస్తాం. బోదకాలు మందు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక వాక్యంతో సరిపెడతాం. మన డెల్టా ఇళ్ళల్లోకి నేరుగా వచ్చింది ఆ మందే. అందుకే ఆయన కథని ఈసారి అటువైపు నుంచి చెబుతున్నాను.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. కొల్లేటికి ఇటు కృష్ణా డెల్టా, అటు గోదావరి డెల్టా. భీమవరం అటువైపుది. నది పేరు మారినా నేల తీరు ఒకటే. కాలవలొచ్చి పంటలిచ్చాయి, ఊళ్ళు పెరిగాయి. వాటితోపాటే పారని నీళ్ళు కూడా పెరిగాయి. బోదకాలు దోమ క్యూలెక్స్‌కి పారే కాలవతో పెద్దగా పని లేదు. మురుగు గుంట, మూసుకుపోయిన కాలవ, పెరట్లో నిలిచిన వాడకం నీళ్ళు దానికి ఇష్టం. అందుకే ఈ జబ్బు పల్లెకే పరిమితం కాలేదు, మురుగు ఎక్కడ నిలిస్తే అక్కడికి పట్నంలోకీ వచ్చింది. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ మధ్య బతికే బెజవాడ వాళ్ళకి దోమ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం ముందే వదులుకున్నాడు. తల్లి వెంకమ్మ, ఇంటినిండా పిల్లలు, చాలని డబ్బు. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు కాశీకి పారిపోవాలని బయల్దేరాడు. అక్కడ యాత్రికులకి అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని ఆ పిల్లాడి లెక్క. వెంకమ్మగారు వెతికి పట్టుకుని మళ్ళీ బళ్ళో పడేసింది. చదువు సాఫీగా సాగిందా అంటే అదీ లేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూల్లో మూడోసారికి గట్టెక్కాడు. బ్యాక్‌లాగ్‌లున్న మిత్రులు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగొచ్చు.

మద్రాసులో రామకృష్ణ మఠం ప్రభావంతో సన్యాసం తీసుకుందామనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాడు. చదువు ఖర్చుకి స్నేహితులు, తర్వాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సాయం చేశారు. అవి గాంధీగారు విదేశీ బట్టలు వదలమన్న రోజులు. సుబ్బారావు ఖద్దరు సర్జికల్ కోటు వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్ళాడు. ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటపడ్డాడు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కూడా రాలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పనిలో చేరాడు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే జబ్బుతో చనిపోయాడు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి క్షీణించిపోయే జబ్బది. ఎనిమిది రోజుల తేడాలో తమ్ముడు కృష్ణమూర్తి కూడా అదే జబ్బుతో పోయాడు. డాక్టర్ చదువు చదివినవాడు ఇంట్లో ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోయాడు, ఎందుకంటే చెయ్యడానికి మందే లేదు. వైద్యం చెయ్యడం కంటే మందు వెతకడమే తన పని అని ఆయన తేల్చుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఆయన చదువుకుంటున్న కాలానికి ఉష్ణదేశాల జబ్బుల శాస్త్రం చాలావరకు మన చుట్టుపక్కలే తయారవుతోంది. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో ఫైలేరియా పిల్లపురుగుల్ని చూశాడు. 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ అవి దోమ ఒంట్లో పెరుగుతాయని కనుక్కున్నాడు. సుబ్బారావుకి రెండేళ్ళు నిండిన 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. 1903లో మద్రాసులోనే చార్లెస్ డోనవన్ కాలా అజార్ క్రిమిని గుర్తించాడు.

ఈ కాలా అజార్ ఇసుక ఈగ కుడితే వస్తుంది. దీని సంగతి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే బోదకాలు కథలో ఉన్న చిక్కే ఇందులోనూ ఉంది. 1922లో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి ఒక వింత గమనించాడు. జ్వరం తగ్గి, మనిషి కోలుకుని, పనికి కూడా వెళ్తున్నాక కొందరికి చర్మం మీద తెల్లమచ్చలు, బొడిపెలు వస్తున్నాయి. వాటిలో అదే క్రిమి ఉంది. నొప్పి లేదు, నీరసం లేదు, కాబట్టి ఆ మనిషి ఆస్పత్రికి రాడు. ఇసుక ఈగ మాత్రం ఆ చర్మం మీద వాలి, క్రిమిని తీసుకుని పక్కింటికి వెళ్తుంది. కాలా అజార్‌ని ఇసుక ఈగే అంటిస్తుందని పూర్తిగా రుజువయ్యేసరికి 1942 వచ్చింది.

బోదకాలుదీ ఇదే పద్ధతి. వాచిన కాలు చూసి మనం దూరం జరుగుతాం. కానీ బాగా వాచిపోయిన కాలున్న మనిషి రక్తంలో చాలాసార్లు పిల్లపురుగులే ఉండవు. అవి ఉండేది ఏ లక్షణమూ లేకుండా క్రికెట్ ఆడుకుంటున్న వాడి రక్తంలో. పెద్ద పురుగులు సన్నటి దారప్పోగుల్లా లింఫు నాళాల్లో ఏళ్ళ తరబడి బతుకుతాయి, లక్షల పిల్లల్ని వదులుతాయి. ఆ పిల్లపురుగులు పగలు లోపలి అవయవాల్లో దాక్కుని రాత్రి పూట పైరక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే. మన చిన్నప్పుడు ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక ఇళ్ళకొచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్ళేవాళ్ళు, గుర్తుందా? పగలు తీస్తే పురుగు కనపడదు. అందుకే ఆ వేళ.

మళ్ళీ సుబ్బారావు దగ్గరికొద్దాం. 1920ల మొదట్లో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారి డబ్బుతో ఆయన బోస్టన్ చేరాడు. భార్య శేషగిరి అప్పటికి గర్భవతి. మూడేళ్ళలో వచ్చేస్తానన్నది ఆ ప్రయాణం వెనక ఉన్న మాట. హార్వర్డ్‌లో ఉష్ణదేశ వైద్యంలో డిప్లొమాకి చేరాడు. అక్కడ మన ఎల్ఎంఎస్ చూసి స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు లేరు. ఖర్చుల కోసం ఒక ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేశాడు. ఇక్కడ పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ పిల్లాణ్ణి చూడనే లేదు.

డిప్లొమా అయ్యాక సైరస్ ఫిస్క్ దగ్గర బయోకెమిస్ట్రీలో చేరాడు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి తెచ్చారు. మాలిబ్డేట్ కలిపితే నీలం రంగొస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. బయోటెక్ వాళ్ళు ల్యాబ్‌లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని రికార్డులో రాసేది దీన్నే. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న అప్పటి సిద్ధాంతం దీంతో మారిపోయింది. 1930లో సుబ్బారావుకి పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారాడు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యాడు. మన భాషలో చెప్పాలంటే, అప్పటిదాకా కోడ్ రాసినవాడు ఇప్పుడు టీముల్ని నడపడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ళు నడిపాడు. ఆ ఎనిమిదేళ్ళలో అక్కడినుంచి వచ్చినవి ఎన్నో.

1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఫోలిక్ యాసిడ్‌ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్‌కి ఇచ్చింది. రక్త క్యాన్సర్ ఉన్న పసిపిల్లల్లో జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గడం వైద్యులు చూసింది దాంతోనే. దాని తోబుట్టువే ఇవాళ్టికీ వాడుతున్న మెథోట్రెక్సేట్. 1948లో బెంజమిన్ డగ్గర్ అదే కంపెనీలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చాడు. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అదే మొదటిది. ఇంకో సంగతి. ఇవాళ స్ప్రూకి ఇచ్చే వైద్యం ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి కావలసిన రెండు మందులకీ మూలం ఆయన నడిపిన పరిశోధనశాలలోనే ఉంది.

ఇక మన మూడు మాత్రలు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికా సైనికులకి ఫైలేరియా సోకింది. అంతవరకూ బీదదేశాల జబ్బుగా ఉన్నది ఒక్కసారిగా వాళ్ళ జబ్బయింది. అప్పటిదాకా ఉన్న వైద్యం యాంటిమొనీ, ఆర్సెనిక్ మందులతోనే. వాటిలో విషం ఎక్కువ, ఊరంతటికీ ఇవ్వడం జరిగే పని కాదు. లెడర్లీలో రెజినాల్డ్ హెవిట్ తదితరులు, సుబ్బారావు కలిసి కొత్త మందు కోసం వెతికారు. అడవి ఎలుకల్లాంటి కాటన్ ర్యాట్స్‌కి ఒక రకం ఫైలేరియా పురుగు సహజంగానే ఉంటుంది. ఒక్కో రసాయనాన్నీ వాటికిచ్చి, రక్తంలో పిల్లపురుగులు తగ్గాయా లేదా అని లెక్కబెట్టారు.

ఈ ఎలుకల్ని ఎంచుకోవడం ఎంత మేలైందో చూడండి. డైఇథైల్ కార్బమజైన్, అంటే మన డీఈసీ, గాజు గొట్టంలో పురుగుల మీద వేస్తే వాటికి దాదాపు ఏమీ కాదు. ఒంట్లోకి వెళ్ళాక మన రోగనిరోధక వ్యవస్థతో కలిసే అది పురుగుల్ని చంపుతుంది. గాజు గొట్టంలో మాత్రమే పరీక్షించి ఉంటే దీన్ని పనికిరాదని పక్కన పడేసేవాళ్ళు. 1947లో ఫలితాలు అచ్చయ్యాయి. ప్యూర్టోరికోలో మనుషుల మీద కూడా పనిచేసిందని అదే ఏడాది తేలింది. హెట్రజాన్ అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. సూది అక్కర్లేదు, నీళ్ళతో మింగితే చాలు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగిపోయింది. ఆయనకి 53 ఏళ్ళు. ఇక్కడ స్వతంత్రం వచ్చి ఏడాది కావడానికి ఇంకా వారం ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా తీసుకోలేదు. భీమవరానికీ తిరిగి రాలేదు. పాతికేళ్ళ కిందట ఓడ ఎక్కిన మనిషిని శేషగిరిగారు మళ్ళీ చూడలేదు. మనం ఆయన్ని పొగిడేటప్పుడు ఈ లెక్క కూడా వెయ్యాలి. ఆయన పరిశోధనకి అయిన ఖర్చులో పెద్ద భాగం కట్టింది ఆవిడే.

మందు దొరికినంత మాత్రాన జబ్బు పోలేదు. 1955లో మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రక్తం తీసి, పురుగున్న వాళ్ళని పట్టుకుని వాళ్ళకే మందిచ్చే పద్ధతి. కానీ పురుగున్నవాడు తనకి జబ్బుందని అనుకోడు కదా. అందుకే 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మందివ్వడం మొదలుపెట్టారు. పదిహేనేళ్ళు దాటిన వాళ్ళకి మూడు డీఈసీ మాత్రలు, వాటితో ఒక ఆల్బెండజోల్. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, జబ్బుతో మంచాన ఉన్నవాళ్ళకి ఇవ్వరు. ఒక డోసు పిల్లపురుగుల్ని చాలావరకు తుడిచేస్తుంది కానీ పెద్ద పురుగులన్నీ చావవు, మళ్ళీ పిల్లల్ని పెడతాయి. అవి ముసలివై చచ్చేదాకా ఏటేటా ఊరి రక్తాన్ని శుభ్రంగా ఉంచగలిగితే, దోమ ఎంతమందిని కుట్టినా మోసుకెళ్ళడానికి దానికి ఏమీ దొరకదు. చైనా ఇదే మందుని ఉప్పులో కూడా కలిపి ఇచ్చి, 2007 నాటికి ఈ జబ్బుని ప్రజారోగ్య సమస్య కాకుండా చేసుకుంది.

మాత్ర వేసుకుంటే తలనొప్పి, కొంచెం జ్వరం వస్తాయని చాలామంది భయం. వస్తే, చాలాసార్లు దానికి కారణం లోపల పురుగులు చావడమే. అంటే ఆ మాత్ర ఆ మనిషికి అవసరమే అన్నమాట. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

ఆ మందు మా అమ్మమ్మ కాలుని మాత్రం వెనక్కి తేలేదు. ఒకసారి అలా వాచిపోయిన కాలుని ఏ మాత్రా మామూలు చెయ్యదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిచి, కాలు ఎత్తులో పెట్టుకుంటే జ్వరాలు రాకుండా, ఇంకా పెరగకుండా ఉంటుంది. పీహెచ్‌సీ నర్సు నేర్పిన ఆ పని ఆవిడ ఒక్కరోజు కూడా మానలేదు. సుబ్బారావు మందు పనిచేసేది ఇంకా వాయని కాళ్ళ మీద. అంటే నా కాళ్ళ మీద, నా పక్కవాడి కాళ్ళ మీద. బాగుపడ్డామని మనకి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే ఏమీ జరగదు.

కిందటేడు సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మాత్రల వాళ్ళు మా వీధికి వచ్చారు. అన్నం తిని ఉన్నాను, మూడూ వాళ్ళ ముందే మింగాను. అమ్మమ్మకి ఈ భీమవరం ఆయన కథంతా చెప్పాను. ఆవిడ అంతా విని, ఆ శేషగిరిగారు తర్వాత ఏమయ్యారని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అదింకా నేను చదవలేదు.